అర అంగుళం మామయ్య

మా మామయ్యకు లోకంలో సరిగ్గా పెట్టుకున్న మాస్క్ ఒక్కటీ కనబడలేదు. ఎవరి మాస్క్ చూసినా ఒకటే లోపం, ఒకటే కొలత. అర అంగుళం. కొందరిది అర అంగుళం కిందికి జారేది, కొందరిది అర అంగుళం వదులయ్యేది, ఏ వంకా దొరకనివాళ్ళది అర అంగుళం పక్కకి జరిగేది. మెడలో వేలాడే టేపు తీసి, ఎదుటి మనిషి ముఖానికి చెయ్యెడు దూరంలో గాలిలో పట్టుకుని, ఒక కన్ను మూసి, రెండో కన్ను చిట్లించి చూసేవాడు. చూసి, జబ్బు సంగతి బయటపెట్టే డాక్టరులా గొంతు తగ్గించి చెప్పేవాడు.

"అర అంగుళం తేడా ఉందండీ."

ఆయన నాకు మేనమామ కాదు. మా పార్కులో ఎవరికీ ఏమీ కాడు. టికెట్ల కిటికీలో కూర్చునే అమ్మాయి నుంచి తోటమాలి దాకా అందరం మామయ్యా అనే పిలిచేవాళ్ళం. తోటమాలి ఆయనకంటే వయసులో పెద్దవాడు. అయినా నలుగురితో పాటు తనూ పిలిచేవాడు, ఈయనా ఏ మొహమాటమూ లేకుండా పలికేవాడు.

మా పార్కంటే వినోదాల పార్కు. పడవలు, రంగులరాట్నం, దయ్యాల కొంప, నీళ్ళలోకి జారే బండి, వీటన్నిటికీ పెద్దన్నలాగా సుడిగాలి. సుడిగాలి అంటే ఇనప పట్టాల మీద మేడంత ఎత్తుకి మెల్లగా ఎక్కి, అక్కణ్ణుంచి ఒక్కసారిగా కిందికి దూకే రైలు. దాన్ని నడిపేది నేనే. నడపడమంటే పెద్ద విద్యేమీ కాదు. అద్దాల గదిలో కూర్చుని, అందరి పట్టీలూ బిగించారని కింద కుర్రవాళ్ళు చెయ్యెత్తి చూపించాక, ఆకుపచ్చ బొత్తాం నొక్కడమే. బండిలో ఉన్నవాళ్ళు ఆ క్షణంలో కన్నవాళ్ళని తలుచుకుంటారు. నేను మధ్యాహ్నం భోజనాన్ని తలుచుకుంటాను.

మామయ్య అసలు పని దర్జీ. పార్కులో ఎలుగుబంటి, కుందేలు వేషాలు వేసుకుని తిరిగేవాళ్ళు ఉంటారు కదా, ఆ వేషాలు కుట్టింది ఆయనే. జబ్బు రోజులొచ్చాయి. ఎలుగుబంటిని కావలించుకోవడం నిషేధమైంది. వేషాలు పెట్టెల్లోకి వెళ్ళాయి, కుట్టుమిషన్ మీద ముసుగు పడింది. అప్పటికే మామయ్యకు చూపు తగ్గి, సూదిలో దారం ఎక్కించడానికి పక్కవాళ్ళని బతిమాలే స్థితికి వచ్చాడు. బయట ఏ కొట్టువాడూ పని ఇవ్వడు. అప్పటి మేనేజరు దయగల మనిషి. మాస్క్ కూడా గుడ్డే కదా, గుడ్డ సంగతి దర్జీకి తెలియకపోతే ఎవరికి తెలుస్తుందని, ఆయన్ని తెచ్చి సుడిగాలి లైను దగ్గర నిలబెట్టాడు.

రూళ్ళు అన్నీ ఇన్నీ కావు. లైన్లో ఉన్నంతసేపూ ముక్కూ నోరూ మూసి ఉండాలి. బండి మీదా మాస్క్ తీయకూడదు. వెనక తాడుతో కట్టుకునే రకం పనికిరాదు, గాలికి ఎగిరిపోతుంది. ఎగిరిన మాస్కులు కింద పొదల్లో పడితే పటకారుతో ఏరలేక తోటమాలికి తల ప్రాణం తోకకొచ్చేది. నీళ్ళ బండి ఎక్కి మాస్క్ తడిస్తే, దిగగానే అది పారేసి పొడిది పెట్టుకోవాలి. ఇవన్నీ బోర్డు మీద రాసి ఉన్నా, జనం బోర్డు పక్కనే నిలబడి, మాస్క్ గడ్డం కిందికి లాక్కుని, బోర్డుతో ఫొటో దిగేవాళ్ళు.

మామయ్య ముందు మాత్రం ఎవరి పప్పులూ ఉడికేవి కావు. తినేటప్పుడు మాస్క్ తీయొచ్చని ఒక సడలింపు ఉండేది. ఒకాయన దాన్ని పట్టుకుని, పుల్ల ఐస్‌క్రీమ్ కొనుక్కుని లైన్లోకి వచ్చాడు. ఐస్‌క్రీమ్ అయిపోయి చాలాసేపైనా పుల్ల నోట్లోంచి తీయడు.

"ఏం తింటున్నారండీ?" అన్నాడు మామయ్య.

"ఐస్‌క్రీమ్."

"అది పుల్లండీ."

"రుచి ఇంకా ఉంది."

"అయితే కానివ్వండి. రుచి అయిపోయాక చెప్పండి, ఇక్కడే ఉంటాను."

ఉన్నాడు. చెయ్యెడు దూరంలో ఉండి, లైను ముందుకి జరిగినప్పుడల్లా ఆయనతో పాటు తనూ జరిగాడు. లైనంతా తొంగిచూడటం మొదలుపెట్టింది. ఒకావిడ తన పిల్లలకి ఆయన్ని చూపించి ఏదో చెబుతోంది కూడా. చివరికి ఆ పెద్దమనిషి పుల్ల పారేసి మాస్క్ పైకి లాక్కున్నాడు.

"అర అంగుళం పైకి," అన్నాడు మామయ్య.

ఇంట్లోవాళ్ళకైనా మినహాయింపు లేదు. అత్తయ్య ఒకరోజు క్యారియర్ పట్టుకుని వచ్చింది. ఆవిణ్ణి గేటు దగ్గరే ఆపి టేపు తీశాడు.

"అర అంగుళం జారింది," అన్నాడు.

"పెళ్ళైనప్పటినుంచి ఈ ముక్కుని చూస్తూనే ఉన్నారు. ఇవాళ కొత్తగా పెరిగిందా?" అంది అత్తయ్య.

"ముక్కు కాదే, మాస్క్ సంగతి చెబుతున్నాను."

"అలాగా," అని ఆవిడ నేరుగా నా అద్దాల గదికి వచ్చి క్యారియర్ నా చేతిలో పెట్టింది. "అమ్మాయ్, ఇది ఆయనకి ఇవ్వకు. నువ్వే తినేసెయ్."

పెద్దవాళ్ళ మాట జవదాటడం నాకు అలవాటు లేదు. మామయ్య గిన్నెలు చూసుకునేసరికి అడుగున కాస్త మిగిలింది.

ఆ రోజుల్లో అన్నిటికంటే పెద్ద తమాషా ఫొటోల కొట్టు దగ్గర జరిగేది. సుడిగాలి కిందికి దూకేచోట ఒక కెమెరా ఉంది, బండిలో ఉన్నవాళ్ళని టక్కున ఫొటో తీస్తుంది. దిగాక కొనుక్కోవచ్చు. మాస్కుల పుణ్యమా అని ఫొటోలో ఎవరు ఎవరో తెలిసేది కాదు. జుట్టు చెదిరిన తలలు, మాస్కులు, మధ్యలో గుడ్లు తేలేసిన కళ్ళు. ఇద్దరు మగవాళ్ళు ఒకే ఫొటో పట్టుకుని, మా ఆవిడంటే మా ఆవిడని పోట్లాడుకున్నారు. వెనకనుంచి ఒక పెద్దావిడ వచ్చి, "ఎవరి ఆవిడా కాదు, అది నేను," అని ఫొటో లాక్కుని వెళ్ళిపోయింది.

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉండేది. నాకు కొరుకుడుపడని సంగతి ఇంకొకటి ఉంది.

మామయ్య దగ్గర వైద్యం రెండు రకాలు. మొదటిది ముడి. మాస్క్ వదులని చెప్పి, చెవి దగ్గర సాగే తాడుకి ఎలా ముడి వేసుకోవాలో చూపించి, "ఇప్పుడు దివ్యంగా ఉంది, వెళ్ళండి," అనేవాడు. నూటికి తొంభై మందికి ఇదే. మిగిలినవాళ్ళకి రెండోది, బెంచీ. "మీది ముడి వేసినా లాభం లేదండీ. కొత్తది ఇచ్చినా కుదరదు. ముఖం తీరు అలాంటిది. అదుగో, నీడలో బెంచీ ఉంది, మీవాళ్ళు వచ్చేదాకా కూర్చోండి," అనేవాడు. ఎవరికి ముడి, ఎవరికి బెంచీ అన్నది నాకు ఎంత బుర్ర గోక్కున్నా అంతుపట్టేది కాదు. మాస్క్ గడ్డం మీద వేలాడుతున్నవాడికి ముడి వేసి పంపించేవాడు. మాస్క్ ముఖానికి కుట్టేసినట్టున్నవాణ్ణి బెంచీ ఎక్కించేవాడు.

ఒకసారి వ్యాయామశాల నడిపే గురువుగారొకాయన శిష్యుల్ని వెంటేసుకుని వచ్చాడు. గుమ్మం పట్టనంత మనిషి. చొక్కా చేతులు కండల్ని భరించలేక పిగిలిపోయేట్టున్నాయి. రెండు మాస్కులు, ఒకదాని మీద ఒకటి.

"అర అంగుళం తేడా ఉందండీ. బెంచీ మీద కూర్చోండి," అన్నాడు మామయ్య.

శిష్యులు ఊరుకుంటారా? "ఏంటండీ, మా గురువుగారి మాస్క్‌లోకి గాలి కూడా దూరదు. మీరే చూడండి," అని మీదికొచ్చారు. గురువుగారు మాత్రం ఆ శరీరానికి ఏమాత్రం నప్పని సన్నటి గొంతుతో, "పోనీండర్రా. పెద్దాయన మాట కాదనకూడదు," అని, శిష్యుల సంచులన్నీ ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద బుద్ధిగా కూర్చున్నాడు.

ఇంకోసారి ఒక కొత్త అల్లుడు. వెంట మామగారు, అత్తగారు, బావమరదులు, మరదళ్ళు, ఊరేగింపు. "మా బావ ముందు సీట్లోనే కూర్చుంటాడు," అని మరదళ్ళు లైనంతటికీ వినబడేలా చెబుతున్నారు. మామయ్య అల్లుడి ముందు టేపు పట్టుకున్నాడు. బెంచీ.

మామగారికి పౌరుషం పొడుచుకొచ్చింది. "మా అల్లుడి ముఖానికేం తక్కువండీ? ఏరి కోరి చేసుకున్నాం."

"ముఖానికి ఏమీ తక్కువ లేదండీ. మాస్క్‌కే అర అంగుళం తక్కువ."

"నా మాస్క్ ఇస్తాను, పెట్టుకోమనండి."

"ఒకరిది ఒకరు పెట్టుకోకూడదండీ. రూలు."

మామగారు గొంతు పెంచేలోపు అల్లుడే అడ్డుపడ్డాడు. "మామయ్యగారూ, రూలంటే రూలు కదండీ. మీరంతా వెళ్ళిరండి. నేను మీ చెప్పులు చూసుకుంటాను." అంత వినయం గల అల్లుణ్ణి నేను మళ్ళీ చూడలేదు. అసలు ఆ లైన్లో ఎవరూ చెప్పులు విడవలేదు.

ఈ బెంచీ యవ్వారం ఎన్నాళ్ళో సాగదని నాకు తెలుసు. సాగలేదు. ఒక బక్కపలచటి మనిషి, తెల్ల మాస్క్, చక్కగా పెట్టుకున్నాడు. మామయ్య ఆయన్ని బెంచీ ఎక్కించాడు. ఆయన కూర్చోగానే బెంచీ అదిరేలా తుమ్మాడు. తుమ్మి, లేచి, నేరుగా మేనేజరు గదికి వెళ్ళి ఫిర్యాదు చేశాడు.

అప్పటికి దయగల మేనేజరు వెళ్ళిపోయి కొత్త మేనేజరు వచ్చాడు. వయసు చిన్నది, నడక పెద్దది. బూట్లలో ముఖం చూసుకోవచ్చు. అప్పటికే మామగార్ల దగ్గర్నుంచీ శిష్యుల దగ్గర్నుంచీ వచ్చిన ఫిర్యాదులన్నీ ఆయన చెవిలో జోరీగల్లా తిరుగుతున్నాయి. సాయంత్రం సుడిగాలి దగ్గరికి వచ్చి, నా ఎదుటే మామయ్యని నిలదీశాడు.

"పెద్దాయనా, ఇది మీ దర్జీ కొట్టు కాదు. మాస్క్ ముక్కూ నోరూ మూసిందా, లేదా. అంతే. మూసినవాణ్ణి ఆపడానికి మీరెవరు?"

"మీరన్నది నిజమే సార్."

"సరిగ్గా మాస్క్ పెట్టుకున్న మనిషిని ఇంకొక్కణ్ణి బెంచీ ఎక్కించారని తెలిస్తే, మర్నాటినుంచి మీరు పనిలోకి రానక్కర్లేదు."

"అలాగే సార్."

"ఏది అలాగే?"

"రానక్కర్లేదంటే రాను సార్."

"ఎవర్నీ ఆపనని చెప్పండి ముందు."

మామయ్య ఆ మాట చెప్పలేదు. టేపుని వేలికి చుట్టుకుంటూ నిలబడ్డాడు. మేనేజరు బూట్లు టకటకలాడించుకుంటూ వెళ్ళిపోయాడు.

నాకు ఒళ్ళు మండింది. "ఏం మామయ్యా, ఆపనంటే నీ సొమ్మేం పోయింది? ఈ వయసులో, ఈ చూపుతో ఇంకెక్కడ పని దొరుకుతుందనుకున్నావు?" అని కడిగేశాను.

"దొరకదమ్మాయ్," అన్నాడు, ఎవరి సంగతో చెబుతున్నట్టు. నాకు నిజంగా భయమేసింది. ఆయన లేకుండా ఆ లైను ఎలా ఉంటుందో ఊహించుకోబుద్ధి కాలేదు. ఆయన మాత్రం ఇంటికి వెళ్ళేటప్పుడు నా మాస్క్ వైపు చూసి, "అర అంగుళం," అని గుర్తుచేసి వెళ్ళాడు.

ఆ వారంలోనే రూళ్ళు కాస్త సడలాయి. అంతవరకూ మధ్యలో సీట్లు ఖాళీగా వదిలేసి నడిపిన బండిని, మాస్కులతోనే నిండుగా నడపొచ్చన్నారు. మొదటి నిండు బండికి యజమాని కుటుంబమంతా వచ్చింది. ఫొటోగ్రాఫర్లు వచ్చారు. యజమానిగారి తల్లి, పండుముసలావిడ, చేతికర్ర పట్టీలు బిగించే కుర్రవాడికిచ్చేసి ముందు సీట్లో తానే కూర్చుంటానంది. ఆవిడ పక్కన ఎవరు కూర్చోవాలి?

"మేనేజరుగారు కూర్చుంటారు," అన్నాడు యజమాని.

"రావోయ్ బాబూ, నాకు తోడుగా ఉంటావు," అంది పెద్దావిడ.

మేనేజరు వచ్చాడు. కొత్త మాస్క్, ఖరీదైనది, ముక్కు దగ్గర తీగతో సహా. ఎక్కడా దోమ దూరే సందు లేదు. ఆ మాస్క్‌ని తప్పుపట్టగలిగినవాడు పుట్టలేదని అనుకున్నాను.

మామయ్య ఆయన ముఖంలోకి చూశాడు. టేపు మెడలోంచి తీసి జేబులో పెట్టేసుకున్నాడు. హమ్మయ్య, బుద్ధి వచ్చింది అనుకున్నాను. మేనేజరు ఒక అడుగు ముందుకేశాడు. మామయ్య మళ్ళీ జేబులో చెయ్యి పెట్టాడు. వద్దు మామయ్యా, వద్దు అని అద్దాల వెనకనుంచి తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాను. టేపు బయటికొచ్చింది.

"సార్, అర అంగుళం తేడా ఉంది. మీరు ఎక్కడానికి లేదు."

కెమెరాలు ఆగిపోయాయి. యజమాని నుదురు ముడిపడింది. పెద్దావిడ సీట్లోంచి తల తిప్పి, "ఏమయ్యా, నీకు కళ్ళు సరిగ్గా కనబడతాయా? ఆ మాస్క్ అంత బాగుంటే," అంది.

"కళ్ళు అంత బాగా కనబడవమ్మా. రూలు మాత్రం రూలే."

అందరూ మేనేజరు వైపు చూశారు. ఇక కేకలేస్తాడు, ఇక టేపు లాగి విసిరేస్తాడు, మామయ్య కొంప ఇక్కడే మునిగిపోయింది. మేనేజరు మామయ్యని అలా చాలాసేపు చూశాడు.

"ఆయన చెప్పింది నిజమేనండీ అమ్మగారూ. రూలు మేనేజరుకైనా ఒకటే."

వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు. పెద్దావిడ కొడుకు వైపు తిరిగి, "ఇంత నిజాయితీపరుణ్ణి ఎక్కడ పట్టుకొచ్చావురా? జీతం పెంచు," అంది. ఆవిడ పక్కన యజమానే కూర్చోవలసి వచ్చింది. నేను బొత్తాం నొక్కాను. ఆవిడ పైకి వెళ్ళేటప్పుడూ నవ్వింది, కిందికి దూకేటప్పుడూ నవ్వింది, దిగాక ఇంకోసారి ఎక్కుతానంది. యజమాని మాత్రం దిగి, స్తంభం పట్టుకుని నిలబడ్డాడు.

ఆ సందడిలో నా చూపు బెంచీ మీద పడింది. మేనేజరు రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. ముఖం మీది ఖరీదైన మాస్క్, అంతసేపూ బిగుసుకుపోయి ఉన్నది, ఇప్పుడు ఊపిరితో ఎగిరెగిరి పడుతోంది. నీళ్ళలోంచి పైకి తేలినవాడు ఎలా గాలి పీలుస్తాడో అలా పీలుస్తున్నాడు. అది చూశాక నాకు వ్యాయామశాల గురువుగారి సన్నటి గొంతు గుర్తొచ్చింది. కొత్త అల్లుడి వినయం గుర్తొచ్చింది. బెంచీ ఎక్కినవాళ్ళు ఎవరూ పోట్లాడలేదు. పోట్లాడింది ఎప్పుడూ వెంట వచ్చినవాళ్ళే. ఇన్నాళ్ళూ అద్దాల గదిలో కూర్చుని నేను చూసిందేమిటి, నా మొహం.

సాయంత్రం పార్కు ఖాళీ అయ్యాక మామయ్య తన కుర్చీ మడిచి, నీళ్ళ సీసా సంచీలో పెట్టుకుని, మేనేజరు కోసం ఎదురుచూస్తున్నాడు. నేను వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"వాళ్ళకి భయమని నీకెలా తెలిసేది మామయ్యా?"

ఆయన బుకాయించబోయాడు. నా మొహం చూసి మానుకున్నాడు.

"గుడ్డ చెబుతుందమ్మాయ్. నడుం కొలత తీసుకునేటప్పుడు ప్రతివాడూ ఊపిరి బిగబడతాడు, పొట్ట లేదనిపించుకోవడానికి. చొక్కా కదలదు. జన్మంతా కదలని చొక్కాలే చూశాను. మాస్కూ అంతే. మామూలుగా నిలబడ్డవాడిది లోపలికీ బయటికీ ఆడుతూ ఉంటుంది. భయపడ్డవాడిది గోడకి అంటించిన కాగితమే."

"భయం ఎవరికి లేదు? ఆ భయం కోసమేగా జనం ఎక్కేది."

"కోరి భయపడేవాడు బండి వైపు చూస్తాడు. వాడికి ముడి వేస్తాను. వచ్చిన దారి వైపు చూసేవాడు వేరు. వాడికి బెంచీ."

"మరి, భయంగా ఉందా అని అడగొచ్చు కదా?"

"అడిగితే లేదంటాడు. లేదన్నాక ఎక్కాలి కదమ్మా."

తుమ్మినాయన సంగతి అడిగాను. మామయ్య సిగ్గుపడ్డాడు. "ఆయన దగ్గర మోసపోయాను. తుమ్ము ఆపుకునేవాడు కూడా అలాగే బిగుసుకుంటాడని నాకేం తెలుసు? పాపం, ఆయన ఎక్కుదామనే వచ్చాడు."

"ఇవాళ ఆపితే పని పోతుందని తెలుసుగా. ఆయన నిన్ను తీసేస్తానన్న మనిషి. ఎక్కనివ్వాల్సింది, తిక్క కుదిరేది."

"టేపు జేబులో పెట్టేశాను కూడా, చూశావుగా," అన్నాడు మామయ్య. "కానీ అంతమంది ముందు ఆయన కళ్ళు తిరిగి పడిపోతే, రేపు ఈ పార్కులో ఆయన మాట ఎవరు వింటారు? చిన్నవాడమ్మా."

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి కారితే మాస్క్ తడుస్తుందని, తడిసినది మార్చుకునేదాకా ఈయన వదిలిపెట్టడని గుర్తొచ్చి ఆపుకున్నాను.

బూట్ల చప్పుడైంది. ఇంతకుముందులా టకటకలాడటం లేదు, మెల్లగా వస్తోంది. మామయ్య మడిచిన కుర్చీ చంకలో పెట్టుకుని లేచి నిలబడ్డాడు.

"రేపటి సంగతి మాట్లాడదామని వచ్చాను," అన్నాడు మేనేజరు.

"మీకు చెప్పే శ్రమ ఎందుకు సార్. రానక్కర్లేదన్నారుగా, రాను."

"అది కాదు." మేనేజరు నా వైపు చూశాడు. నేను వెళ్ళిపోతానేమోనని ఆశపడ్డాడు. నేనెందుకు వెళ్తాను? ఆయన గొంతు తగ్గించాడు. "రేపు మా అమ్మాయి పుట్టినరోజు. స్నేహితురాళ్ళని తీసుకొస్తోంది. వాళ్ళ నాన్న సుడిగాలిలో ముందు సీట్లో కూర్చుంటాడని బడంతా చెప్పుకుంది."

"అలాగా సార్."

"మీరు రేపు సెలవు పెట్టకండి."

"రమ్మంటారా సార్?"

"పొద్దున్నే రండి. ఎల్లుండి కూడా రండి. మీరు మానేస్తానన్నా నేను ఒప్పుకోను." తర్వాత ఇంకా మెల్లగా, "రేపు మా అమ్మాయి ముందు నేను కొంచెం గట్టిగానే గొడవ చేస్తాను. మీరు లొంగకూడదు," అన్నాడు.

"ఎంతసేపు చేస్తారు సార్?"

"ఒక అయిదు నిమిషాలు."

"అంతసేపైతే లైను ఆగిపోతుంది సార్. రెండు మాటలు అనేసి కూర్చోండి."

మామయ్య చంకలోని కుర్చీ తీసి మళ్ళీ ఉన్నచోటే వేశాడు.

మర్నాడు మేనేజరు అన్నంత పనీ చేశాడు, అనుకున్నదానికంటే ఎక్కువే చేశాడు. కూతురూ ఆ అమ్మాయి స్నేహితురాళ్ళూ నోరెళ్ళబెట్టి చూస్తుండగా, "ఈ పార్కుకి మేనేజర్ని నేను. నా మాస్క్‌కే వంక పెడతారా?" అని మొదలుపెట్టాడు. "మేనేజరైనా అంతే సార్," అన్నాడు మామయ్య. "ఎవరు ఆపుతారో చూస్తాను, నేను ఎక్కి తీరతాను," అని మేనేజరు ఊపులో రెండు మెట్లు ఎక్కేశాడు కూడా. మామయ్యకి చెమటలు పట్టాయి. మేనేజరు చెవి దగ్గరికి చేరి, "సార్, ఇక చాలు, ఇంకో మెట్టెక్కితే నేను ఆపలేను," అన్నాడు.

చివరికి తీర్పు చెప్పింది ఆ పిల్లే. నాన్న చొక్కా అంచు పట్టుకుని కిందికి లాగింది.

"నాన్నా, రూలు రూలే కదా. పాపం ఆ తాతగారి మీద ఎందుకు అరుస్తావు? నువ్వు బెంచీ మీద కూర్చో, మా సంచులు చూసుకో. నేను ఎక్కి, పైన ఎలా ఉందో వచ్చి నీకు చెబుతాగా."

ఆ మాట అంటూ తండ్రి చెయ్యి ఒకసారి గట్టిగా పట్టుకుని వదిలిన తీరు చూస్తే, ఆ పిల్లకి సంగతి ముందే తెలుసేమోనని నాకు అనుమానమొచ్చింది. మేనేజరు సంచులన్నీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నేను బొత్తాం నొక్కాను. బండి పైకి ఎక్కుతుంటే కిందనుంచి అందరికంటే గట్టిగా చేతులూపింది ఆయనే, ఆయన పక్కన నిలబడి మామయ్య కూడా ఊపాడు.